మొదటి రోజే ఆలస్యమైన బస్సు

2006 వేసవి. భద్రాచలం దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేరి అప్పటికి ఏడాది దాటింది. అంతకుముందు నేలకొండపల్లి వైపు పనిచేసేవాణ్ణి. నా భార్య పోయాక ఆ ఇంట్లో ఉండలేక బదిలీ అడిగాను. అడవి అంచు పోస్టుకు పోటీ ఎవరూ రాలేదు. వెంటనే ఇచ్చారు.

లైబ్రరీ అంటే రెండు గదులు, ఒక వరండా. పొద్దున పేపరు చదివేవాళ్ళు, సాయంత్రం ఉద్యోగ ప్రకటనలు ఎత్తిరాసుకునేవాళ్ళు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ, తిరిగి తెచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. ఒకే పేపరును నలుగురు విడదీసి పంచుకుని, ఎవరికి క్రీడల పేజీ రావాలో రోజూ కొత్తగా వాదించుకునేవారు. నాకు ఆ గోల బాగుండేది. మౌనం ఇంట్లో కావలసినంత ఉండేది.

లైబ్రరీకి వచ్చే దినపత్రికలను కొన్ని నెలలు ఉంచి, తర్వాత తూకానికి అమ్మేయడం మామూలు పద్ధతి. దాన్ని మా భాషలో వీడింగ్ అంటాం, అంటే కలుపు తీయడం. కొన్నిచోట్ల మాత్రం ఒక పత్రికను ఎంచుకుని, నెలకొక కట్టగా కుట్టించి, అట్ట వేయించి దాస్తారు. వాటిని బ్యాక్ వాల్యూమ్స్ అంటారు. నాకంటే చాలా ముందు పనిచేసిన ఒకాయన డెబ్భైల చివరినుంచి చాలా ఏళ్ళు ఆ పని శ్రద్ధగా చేసి, కట్టలన్నీ అటక మీద పెట్టించి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళకు వాటిని అమ్మేయాలనే ఉండేదట. దించడానికి కూలీ ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయారు. ఆ కట్టలు అలా బతికాయి.

నేను చేరిన మొదటి వానాకాలంలో కప్పు కారుతోందేమోనని అటక ఎక్కితే అవి కనిపించాయి. చేతికి పని ఉంటే సాయంత్రాలు త్వరగా గడుస్తాయి. ఒక్కొక్క కట్టను దించి, దుమ్ము దులిపి, మధ్య మధ్య వేపాకు పెట్టి, నెలల వరసలో బీరువాలో సర్దాను. సర్దుతూ చదివాను. చదివినదాంట్లో మన చుట్టుపక్కల ఊళ్ళ సంగతి కనిపిస్తే ఒక కాగితం మీద రాసి, వరండాలో నోటీసుబోర్డుకు అంటించేవాణ్ణి. పైన శీర్షిక: ‘పాతికేళ్ళ కిందట మన దగ్గర’.

మిరపతోటలో ఎలుగుబంటి, పడవ దాటుతూ గోదావరిలో దూకి ఈదుకుంటూ ఇంటికే తిరిగి వెళ్ళిన దున్నపోతు, దుమ్ముగూడెం దారిలో రెండు రోజులు ఇరుక్కున్న లారీ. ఇలాంటివే. పేపరు చదివేవాళ్ళు క్రీడల పేజీ వదిలి దాని దగ్గర చేరారు. ఎలుగుబంటి కరిచింది మా మామనే అని ఒకాయన, కాదు మా మామను అని ఇంకొకాయన పేచీ పడ్డారు. వార్తలో అది ఎవరినీ కరిచినట్టు లేదు. ఆ మాట నేను వాళ్ళకు చెప్పలేదు.

ఆ కాగితం చూసే ఒక టీచర్ నా దగ్గరికి వచ్చింది. మే నెల మొదట్లో, మధ్యాహ్నం. పేరు సరళ. పాల్వంచ వాళ్ళ అమ్మాయి, భర్త అక్కడ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. ఆమె మాత్రం చంటిబిడ్డతో భద్రాచలంలో గది అద్దెకు తీసుకుని ఉంటూ, అడవిలోపల ఒక కోయ గుంపులో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపేది. చిన్న పల్లెను ఇటువైపు గుంపు అంటారు. వాగు దాటాక ఉండడం వల్ల అందరూ దాన్ని వాగవతల గుంపు అనేవారు. ఆమె వెంట ఒక పెద్దావిడ వచ్చింది. ముత్తమ్మ. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆవిడే. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గడప దగ్గర నిలబడి బీరువాలను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

టీచర్ మొదలుపెట్టేలోపే ముత్తమ్మ అందుకుంది.

“సారూ, మా ఊరికి బస్సు ఉండేది. ఎర్ర బస్సు. ఇప్పుడు లేదంటున్నరు. లేకుంటే లేదు, సరే. అసలు ఎన్నడూ లేదంటున్నరు. గదే నాకు మండింది. మరి నేను అప్పట్ల భద్రాచలం గాల్లో ఎగిరి వచ్చిన్నా?”

మిగతాది టీచర్ చెప్పింది. ఒకప్పుడు ఆ గుంపు దాకా బస్సు నడిచేది. ఒక వరదలో వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయి ఆగిపోయింది. కొన్నేళ్ళకు కల్వర్టు మళ్ళీ కట్టారు. బస్సు మాత్రం రాలేదు. “కల్వర్టు వచ్చింది గానీ బస్సు తొవ్వ మర్చిపోయింది” అంది ముత్తమ్మ. ఇప్పుడు టీచర్ పెద్దరోడ్డు మీద దిగి అడవిలో గంటకు పైగా నడవాలి, సాయంత్రం మళ్ళీ అంతే. బిడ్డను ఎత్తుకుని అంత నడక కుదరదు, పొద్దంతా వదిలి ఉండడమూ కుదరదు. అందుకని బదిలీకి దరఖాస్తు పెట్టింది. బడులు తెరిచేలోపు జాబితా వస్తుంది. ఆమె పోతే ఆ పోస్టుకు ఎవరూ కోరి రారు. ఆమెకు ముందు అలాగే రెండేళ్ళు బడికి తాళం పడింది.

“బస్సు ఉంటే ఉంటాను సార్. నాకు వెళ్ళాలని లేదు” అంది సరళ.

డిపో మేనేజరు దగ్గరికి వాళ్ళు అప్పటికే వెళ్ళి వచ్చారు. ఆయన కసురుకోలేదట. కొత్త రూటు వేయాలంటే సర్వే, పై అనుమతులు, ఏడాది పడుతుందన్నాడు. ఆగిపోయిన పాత సర్వీసు అయితే మాత్రం తాను రాసి పంపితే తొందరగా తేలుతుందన్నాడు. ఆ రూటు ఉండేదని ఏదైనా ఆధారం కావాలి. అప్పట్లో అది వేరే డిపో నుంచి నడిచిన బండి, అక్కడ అంత పాత కాగితాలు లేవు. “మీ బోర్డు మీద ఎలుగుబంటి సంగతి చూశాను సార్. ఎలుగుబంటి పేపర్లో ఉంటే బస్సు ఉండదా అనిపించింది” అంది సరళ.

పాత పేపర్లలో వెతకడం గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పుస్తకానికి ఉన్నట్టు వాటికి విషయసూచిక ఉండదు. తేదీ తెలిస్తే అయిదు నిమిషాల పని. తెలియకపోతే ప్రతి పేజీ కంటితో దువ్వాలి. కాగితం పెళుసు, తొందరపడితే చేతిలో విరుగుతుంది. అందుకని ఎవరు వచ్చినా మొదట అడిగేది ఎప్పుడు అనే.

అడిగాను. “నా పెద్దోడు కడుపుల ఉన్నడు” అంది ముత్తమ్మ. పెద్దోడు ఎప్పుడు పుట్టాడని అడిగితే టీచర్ నవ్వింది. బడి రిజిస్టరులో ఆ ఊరి వాళ్ళంతా జూలై ఒకటినే పుట్టారు. సంవత్సరం కూడా అప్పటి పంతులు పిల్లవాడి ఎత్తు చూసి వేసిందే. అటూ ఇటూ చూసి మూడు సంవత్సరాలు అనుకున్నాం, ఎనభైల మొదట్లో.

“పోనీ ఏ కాలం?”

“మామిడి పండుగ నాడు వచ్చింది సారూ. మొదటి బస్సు. గది మాత్రం పక్కా.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. మామిడి, పండుగ. ఇంకేముంది, ఉగాది. మూడు సంవత్సరాల మార్చి, ఏప్రిల్ కట్టలు చూస్తే చాలు. వారంలో తేలుస్తానని మాట ఇచ్చి పంపాను.

వారం గడిచింది. మూడు ఉగాదులూ చూశాను. పంచాంగ శ్రవణాలు, కవి సమ్మేళనాలు, బట్టల దుకాణాల ప్రకటనలు. పల్లెకు బస్సు వేసిన వార్త ఒక్కటి లేదు. ముందు నెల, వెనక నెల కూడా దువ్వాను. బస్సు దొరకలేదు గానీ చాలా దొరికాయి. ఏ గుంపుకు కరెంటు ముందు వచ్చిందో, ఏ ఊరివాళ్ళు బావి తవ్వుతుంటే పాత ఇటుకల గోడ బయటపడిందో, ఏ సంతలో చింతపండు ధర పడిపోయి జనం గంపలతో సహా తిరిగి వెళ్ళిపోయారో. ఏ పుస్తకంలోనూ లేని ఊళ్ళ పేర్లు అక్కడ వేలెడంత వార్తలకు తలకట్టుగా ఉన్నాయి. ఒకరోజు ఒక వార్త చదివి గట్టిగా నవ్వాను. పెళ్ళిబృందం ఒకటి తప్పు ఊళ్ళో దిగి, అక్కడ భోజనం చేశాక గాని సంగతి తెలుసుకోలేదట. వరండాలోంచి ఇద్దరు తొంగి చూశారు. నేను నవ్వగా వాళ్ళు అంతకుముందు వినలేదు.

బస్సు ఎందుకు దొరకలేదో తెలుసుకోవడానికి సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళాను. బస్టాండు ఎదుట ఆయనకు స్టేషనరీ షాపు ఉండేది. ఆ రోజుల్లో ఆయన మా అటక కట్టల్లోని పత్రికకే స్ట్రింగర్. అంటే జీతం లేకుండా, అచ్చయిన వార్త పొడవును బట్టి ప్రతిఫలం అందుకునే ఊరి విలేకరి. ఇప్పటికీ ఆయన గల్లాపెట్టెలో అప్పటి చెక్క స్కేలు ఉంది.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఎమ్మెల్యే వచ్చాడా అని. రాలేదన్నాను.

“రిబ్బను?”

“కట్టినట్టు లేదండీ.”

“అయితే అది వార్త కాదు లైబ్రేరియన్ గారూ. బస్సు రాకపోతే వార్త. బురదలో దిగబడితే వార్త. బోల్తా పడితే నాలుగు అంగుళాలు. వచ్చి, జనాన్ని ఎక్కించుకుని, టైముకి పోయే బస్సు గురించి నేను రాస్తే మా డెస్కు వాళ్ళు నన్ను వైద్యుడికి చూపించమనేవారు.”

ప్రారంభోత్సవాల కోసం వెతక్కు, ఫిర్యాదుల కోసం వెతుకు అని ఆయన సలహా. ఇంకో సంగతి కూడా చెప్పాడు. అప్పట్లో వార్తలు రాసి కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవారు. రెండు బస్సులు మారి అది పత్రికాఫీసు చేరేది. ఒక బస్సు తప్పితే వార్త రెండు రోజులు ఆలస్యం. కాబట్టి వార్త మొదట్లో ఉండే ఊరూ తేదీ, అంటే డేట్‌లైన్, చూడాలి గాని పేపరు మీది తేదీ నమ్మకూడదు.

ఇంటికి నడుస్తూ ఆయన మాట గురించే ఆలోచించాను. సజావుగా జరిగినది పేపర్లో ఉండదు. మా ఇద్దరి కాపురంలో పేపరుకెక్కే సంగతి ఒక్కటీ జరగలేదు. ఆ లెక్కన మేం బాగానే బతికాం.

సంతరోజు ముత్తమ్మ ఒక్కతే వచ్చింది. చింతపండు అమ్ముకుని, ఖాళీ గంపలో నాలుగు మామిడిపండ్లు మిగిల్చుకుంది. బల్ల మీద పరిచిన పేపర్లో పంచాంగం చదువుతున్న పంతులుగారి బొమ్మ చూసి ఆగింది. చదువు రాదు గాని బొమ్మ చాలు.

“ఇదేంది సారూ?”

“ఉగాది. మీ మామిడి పండుగ కోసమే చూస్తున్నా.”

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసింది. “ఉగాది మీది. మామిడి పండుగ మాది. దీనికీ దానికీ ఏంది సంబంధం?”

“మరి మీది ఎప్పుడొస్తుంది?”

“వచ్చుడేంది? మేం పెట్టుకున్నప్పుడే. పూజారి, పటేలు కూసొని రోజు పెడ్తరు. మా ఊరికి ఒకనాడు, పక్కూరికి ఒకనాడు. అందరికీ ఒక్కనాడే అయితే ఎవలింటికి ఎవలు చుట్టం పోవాలె?”

క్యాలెండరులో ఎర్ర అంకె లేని పండుగ ఉంటుందని నాకు తట్టలేదు. బస్సు వచ్చిన ఏడు ఎప్పుడు పెట్టుకున్నారని అడిగాను. ఈసారి ఆవిడ కుర్చీలో కూర్చుంది.

ఆ ఏడు పండుగ చాలా ఆలస్యమైందని చెప్పింది. ఎండాకాలం మొదట్లోనే పటేలు తల్లి చనిపోయింది. వాళ్ళ ఊరి కట్టుబాటు ప్రకారం, దినాలు చేయకుండా పండుగ పెట్టకూడదు. పండుగ కాకుండా ఆ ఏటి మామిడికాయ ఎవరూ నోట పెట్టకూడదు. దినాలకు చుట్టాలు గోదావరి అవతల నుంచి రావాలి. కబురు వెళ్ళాలి, వాళ్ళ పనులు తెమలాలి, అందరూ కలవాలి. అదంతా అయ్యేసరికి మొగులు పట్టింది, తొలకరి మొదలైంది. చెట్ల మీద కాయలు పండిపోయాయి.

“పండ్లు టపటప రాలుతున్నయి సారూ. కోతులు తింటున్నయి, పిల్లలు చూస్తున్నరు. ఊరు ఊరంతా కోతుల మొహం చూసుడే పని.”

“దొంగతనంగా ఎవరూ తినలేదా?”

ఆవిడ వెనక్కి తిరిగి వరండా వైపు చూసి, గొంతు తగ్గించింది. “నేను తిన్న. కడుపుతోటి ఉన్న గద. ఎవలకూ చెప్పకు.”

“ఇన్నేళ్ళయింది కదా.”

“పటేలు ఇంకా బతికే ఉన్నడు.”

తొలకరి. అంటే జూన్. నేను మూడు నెలలు ముందు వెతుకుతున్నాను. బీరువా దగ్గరికి లేవబోతుంటే ఆవిడ గంపలోంచి ఒక పండు తీసి బల్ల మీద పెట్టింది. ఈ ఏడు పండుగ అయిపోయింది, తినొచ్చు అంది. తర్వాత తింటానని పక్కన పెట్టాను. ఆవిడ ఊరుకోలేదు, ఎందుకు తినవని అడిగింది. మామిడి నాకు తిండి కాదు, మా ఇంట్లో ఒక పని. వేసవి వస్తే నా భార్య కాయలు ఎంచడం, నేను ముక్కలు కొట్టడం, ఉప్పు దగ్గర వాదన. ఆమె పోయాక కాయ కొనలేదు, పండూ కొనలేదు. నేను ఇదంతా చెప్పలేదు. ఇంట్లో మనిషి పోయిందని మాత్రం అన్నాను.

“దినాలు అయినయా?”

“రెండేళ్ళయింది.”

“మరి ఇంకా దేనికి ఆగినవు సారూ?”

కటువుగా అడగలేదు. బస్సు ఎన్నింటికి అన్నట్టు అడిగింది. జవాబు కోసం కూడా చూడలేదు. పటేలు సంగతి చెప్పింది. తల్లి పోయిందని ఆయన ఎంతో ఏడ్చాడట. పూజారి రోజు పెట్టాక మొదటి ముక్క ఆయనకే పెట్టారట. ఏడుస్తూనే తిన్నాడట. ఆయన తిన్నాక ఊరంతా తిన్నారు. “మేం ఆగుతం. ఆగుడుకు కూడ ఒక ఒడ్డు ఉండాలె గద” అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జూన్ కట్టలు మూడింటినీ దించాను. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో, నెల మధ్యలో, జిల్లా వార్తల పేజీ అడుగున, ఒక సబ్బు ప్రకటన పక్కన ఉంది. అందులో బస్సు మొదలైందన్న సంతోషం లేదు. మంగళవారం నుంచి వాగవతల గుంపుకు వేసిన కొత్త సర్వీసు మొదటి రోజే మూడు గంటలు ఆలస్యంగా భద్రాచలం చేరిందని, ఆ బస్సే ముందుకు వెళ్ళాల్సి ఉండగా కొత్తగూడెం ప్రయాణికులు ఇబ్బంది పడ్డారని, అధికారులు శ్రద్ధ వహించాలని ఉంది. పేపరు తేదీ మాత్రం శుక్రవారం.

మూడుసార్లు చదివాను. తర్వాత బల్ల మీది పండు తిన్నాను. చేతులు బాగా కడుక్కుని, తుడుచుకుని, ఇంకోసారి చదివాను. లైబ్రేరియన్లు తడి చేత్తో పేపరు ముట్టరు.

జిరాక్సు తీయించి సుబ్బారావుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని చదివి, బల్ల చరిచాడు. వార్త ఆయనదే. ఊరు గుర్తు లేదు గాని కోపం గుర్తుంది. కొత్తగూడెం వెళ్ళాల్సిన ఆ బస్సులోనే ఆయన వార్తల కవరు వెళ్ళాలి. బస్సు లేటై అక్కడ రెండో బస్సు తప్పింది. ఆ రోజు వార్తలన్నీ పాచిపోయాయి. ఆ కసితోనే ఇది రాశాడు. “ఇది ఒకటిన్నర అంగుళం వచ్చింది చూడండి” అని స్కేలు తీసి కొలిచాడు. సరిగ్గానే ఉంది.

మర్నాడు సరళ, ముత్తమ్మ, నేను డిపోకు వెళ్ళాం. టీచర్ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. డిపో మేనేజరు కాగితం చదివి తల ఎత్తాడు.

“మాస్టారూ, ఇది మా మీద ఫిర్యాదు.”

“అవునండీ.”

“దీన్నే ఆధారమని తెచ్చారు.”

“లేని బస్సు ఆలస్యం కాదు కదండీ.”

ఆయన నవ్వు ఆపుకుంటూ, మొదటి రోజే మూడు గంటలు ఎందుకు లేటైందో మీకేమైనా తెలుసా అని నన్ను అడిగాడు. ముత్తమ్మ అందుకుంది.

“పండుగ నాడు గడప దాకా వచ్చినోన్ని తినకుండ పంపుతమా సారూ? డ్రైవరుకు మామిడిపండ్లు పెట్టినం.”

“ఒక్క డ్రైవరు మూడు గంటలు తిన్నాడా?”

“కండక్టరు కూడ ఉండె గద.”

పక్క బల్ల దగ్గర గుమస్తా రాయడం ఆపేశాడు. డిపో మేనేజరు ఆ జిరాక్సు మీద నా సంతకం, లైబ్రరీ ముద్ర వేయించుకుని, పైకి రాయడానికి తన దగ్గర ఉంచుకున్నాడు. మళ్ళీ పండుగ పెట్టేముందు మాకు కబురు చెయ్యమని ముత్తమ్మతో అన్నాడు. ఆయన హాస్యానికి అన్నాడు. ఆవిడ మాత్రం సరేనని తల ఊపింది.

జాబితా రావడానికి ముందే పని అవుతుందా కాదా అని కొన్నాళ్ళు నలిగాం. సరళ రెండుసార్లు లైబ్రరీకి వచ్చి, ఏమీ అడగకుండా పేపరు తిరగేసి వెళ్ళింది. బడులు తెరవడానికి కొంచెం ముందు రూటు మంజూరైంది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. ఆ సాయంత్రమే ఆమె బదిలీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. బిడ్డతో సహా బస్సెక్కి వెళ్ళేది. పొయ్యి దగ్గర ఉయ్యాల కట్టి ముత్తమ్మ చూసుకునేది. ఆ బిడ్డకు మొదట వచ్చిన మాటలు కోయ మాటలని, పాల్వంచలో నాయనమ్మకు అర్థం కావడంలేదని సరళ ఒకసారి చెప్పి నవ్వింది.

మరుసటి వేసవిలో ముత్తమ్మ కబురు పంపింది. ఆ ఏడు పండుగ త్వరగా పెట్టారు, కాయలు ఇంకా పచ్చివే. నేను పొద్దుటి బస్సులో వెళ్ళాను. ముత్తమ్మ డిపోకు కూడా కబురు చేసిందట. మేనేజరు రాలేదు. బస్సు వాగు దాటి గుంపు దగ్గర ఆగేసరికి డోలు వినిపిస్తోంది. ఎదురుగా పటేలు నిలబడి ఉన్నాడు, బాగా ముసలివాడు, చేతికర్ర పట్టుకుని. డ్రైవరును, కండక్టరును దిగమన్నారు. డ్రైవరు కొత్తవాడు, గడియారం చూసుకున్నాడు.

“లేటైతే పేపర్లో వేస్తారు సార్” అన్నాడు నాతో.

“వేయనీ. ముందు ముందు పనికొస్తుంది” అన్నాను.

పచ్చి మామిడి ముక్కలు ఆకులో పెట్టి అందరికీ ఇచ్చారు. పుల్లగా, పళ్ళు జివ్వుమనేలా ఉంది. నేను తింటుంటే ముత్తమ్మ దూరం నుంచి చూసింది. పటేలు నా పక్కన కూర్చుని, తన తల్లి పోయిన ఏడు కోతులు ఎంత కొవ్వెక్కాయో చెప్పాడు. ఆ ఏడు ఊళ్ళో ఒక్కరు కూడా కట్టుబాటు తప్పలేదన్నాడు. ముత్తమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దుకుంది.

బస్సు రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరింది. నా చేతిసంచిలో కాయలు నింపి పంపారు. ఆ ఆదివారం ముక్కలు కొట్టి ఆవకాయ పెట్టాను. ఉప్పు ఎక్కువైంది. వాదించే మనిషి లేనప్పుడు అలాగే అవుతుంది. అయినా జాడీ మొత్తం తిన్నాను.

తర్వాత వారం రోజులు జిల్లా పేజీలు చూశాను. ఆ ఆలస్యం గురించి ఎవరూ రాయలేదు. ఇప్పటి విలేకరులకు ఫోన్లు ఉన్నాయి, బస్సు కవర్లతో పని లేదు, కోపం లేదు. చివరికి నేనే పాఠకుల లేఖల శీర్షికకు ఉత్తరం రాశాను. ఫలానా తేదీన వాగవతల గుంపు బస్సు రెండు గంటలు ఆలస్యమైందని, ప్రయాణికుడిగా నేను అందులో ఉన్నానని రాసి, చివర ఒక వాక్యం చేర్చాను: ఆలస్యానికి కారణం మామిడికాయలు బాగుండడం, ఈ విషయంలో ఎవరిపైనా చర్య అవసరం లేదు. పంపేముందు డిపో మేనేజరుకు చూపించాను. మీ చేతుల్లో పడ్డాక ఇంకేం చేస్తాం, పంపండి అన్నాడు.

ఉత్తరం అచ్చయింది. డెస్కులో ఎవరో చివరి వాక్యం కోసేశారు. ఫిర్యాదు మాత్రం మిగిలింది.

మొదట బాధ కలిగింది, తర్వాత నవ్వు వచ్చింది. ఈ వృత్తిలో నేను తెలుసుకున్నది అదే. పేపరు మనకు బస్సు ఆలస్యమైందని చెబుతుంది. దాని పక్కన ఉండే మామిడికాయ అందులో పట్టదు. ఊరి చరిత్ర కావాలంటే రెండూ కావాలి. నేను ఆ నెల సంచికలన్నీ కుట్టించి, అట్ట వేయించి, వరసలో పెట్టాను. ఎప్పుడో ఎవరో ఆ పేజీ తెరిచి, ఎందుకు ఆలస్యమైందో అనుకుంటారు. తెలియాలంటే వాగవతలికి వెళ్ళి అడగాలి. బస్సు ఉంది కనుక వెళ్ళడం కష్టం కాదు. త్వరగా తిరిగి రావడమే కుదరకపోవచ్చు.